చెట్టు దిగి, మళ్లీ చెట్టెక్కిన కంగారూ

చెట్టు కంగారూ వెనక పాదానికి బొటనవేలు ఉండదు. చెట్ల మీద బతికే జంతువుకు ఇది చిన్న లోటేమీ కాదు. కోతి అయినా, ఆస్ట్రేలియా అడవుల్లో తిరిగే పోసమ్ అయినా పాదంతో కొమ్మను గట్టిగా పట్టుకోగలుగుతోందంటే అది మిగతా వేళ్లకు ఎదురుగా తిరిగి ఉండే బొటనవేలు చలవే. చాలా పోసమ్‌లకు తోక కూడా కొమ్మను చుట్టుకుని సాయపడుతుంది. చెట్టు కంగారూకూ తోక ఉంది, బాగా పొడవుగానే ఉంది, కానీ అది దేన్నీ చుట్టుకోలేదు. కొమ్మ మీద కూర్చున్నప్పుడు ఊరికే కిందికి వేలాడుతూ ఉంటుంది. అంటే పట్టుకునే వేలూ లేదు, చుట్టుకునే తోకా లేదు. అయినా ఈ జంతువు వర్షారణ్యంలో ముప్పై మీటర్ల ఎత్తున, నాచు పేరుకుపోయిన కొమ్మల మీద బతికేస్తోంది, పిల్లల్ని పెంచుతోంది.

కంగారూలు, వాటి చిన్న చుట్టాలైన వాలబీలు ఉన్న మాక్రోపోడిడే కుటుంబంలోవే ఇవి కూడా. డెండ్రోలాగస్ అనే ఈ ప్రజాతిలో దాదాపు 14 జాతుల్ని శాస్త్రవేత్తలు గుర్తిస్తున్నారు. రెండు మాత్రం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఉత్తర కొసన ఉన్నాయి. ఒకటి లుమ్‌హోల్ట్జ్ చెట్టు కంగారూ, రెండోది బెన్నెట్ చెట్టు కంగారూ. మిగతావన్నీ న్యూగినీ దీవిలోనివే. ఆ దీవి పడమటి సగం ఇండోనేషియాది, తూర్పు సగం పాపువా న్యూగినీ దేశం. లుమ్‌హోల్ట్జ్ జాతి చిన్నది, అయిదు నుంచి పది కిలోల మధ్య తూగుతుంది. బెన్నెట్, డోరియా జాతుల మగవి పదమూడు, పద్నాలుగు కిలోల దాకా పెరుగుతాయి. రంగుల్లో తేడాలు చెప్పలేనన్ని. గుడ్‌ఫెలో జాతి ముదురు ఎరుపు గోధుమ రంగులో, వీపు మీద రెండు బంగారు చారలతో మెరిసిపోతుంది. లుమ్‌హోల్ట్జ్ బూడిద రంగులో, నల్లటి ముఖంతో ఎవరి కంటా పడకుండా ఉంటుంది.

యూరప్ శాస్త్రవేత్తలకు ఇవి 1820లలో న్యూగినీ పడమటి తీరానికి వెళ్లిన డచ్ యాత్రికుల ద్వారా తెలిశాయి. ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయని తేలడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. నార్వే నుంచి వచ్చిన కార్ల్ లుమ్‌హోల్ట్జ్ 1880ల మొదట్లో క్వీన్స్‌లాండ్ ఆదివాసుల మధ్య ఉంటూ, వాళ్లు చెప్పిన చెట్టెక్కే జంతువు కోసం పట్టుబట్టి వెతికించాడు. 1884లో రాబర్ట్ కాలెట్ అనే జంతుశాస్త్రవేత్త దానికి లుమ్‌హోల్ట్జ్ పేరే పెట్టాడు. దాన్ని పట్టి తెచ్చిన ఆదివాసుల పేర్లు మాత్రం ఏ జాతికీ దక్కలేదు.

దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం

కంగారూల పూర్వీకులు చెట్ల మీద బతికిన చిన్న జంతువులు, ఇప్పటి పోసమ్‌లను పోలినవి. వాటిలో ఒక శాఖ నేలకు దిగింది. నేల మీద గెంతుతూ వేగంగా పోవాలంటే పాదం పొడవుగా, ఇరుకుగా, బిగుతుగా ఉండాలి. పక్కకు పొడుచుకొచ్చే బొటనవేలు ఆ పనికి అడ్డం. తరాలు గడిచేకొద్దీ అది కుదించుకుపోయి చివరికి మాయమైంది. ఇప్పుడున్న కంగారూ బంధువులన్నిట్లో మస్కీ ర్యాట్ కంగారూ అనే చిట్టి జంతువుకు మాత్రమే ఆ వేలు మిగిలింది. అది కూడా క్వీన్స్‌లాండ్ వర్షారణ్యంలోనే, లుమ్‌హోల్ట్జ్ కూర్చునే చెట్ల కిందే రాలిన పండ్లు ఏరుకు తింటూ తిరుగుతుంది. ఇక రెండో వేలు, మూడో వేలు ఒకే చర్మపు తొడుగులో అతుక్కుపోయి, బొచ్చు దువ్వుకోవడానికి తప్ప దేనికీ పనికిరాకుండా మిగిలాయి. చెట్టు కంగారూలో ఈ జంట వేళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

తర్వాత లక్షల ఏళ్లకు, నేల మీద బతకడానికి పూర్తిగా తయారైన ఈ శరీరంతో ఒక శాఖ తిరిగి చెట్టెక్కింది. డీఎన్‌ఏ పోలికల్లో చెట్టు కంగారూలకు అన్నిటికంటే దగ్గరగా తేలిన చుట్టాలు రాక్ వాలబీలు, అంటే ఆస్ట్రేలియా రాతి గుట్టల మీద గెంతే చిన్న కంగారూలు. ఇది ఆశ్చర్యపడాల్సిన విషయం కాదు. నిట్టనిలువు బండల మీద జారకుండా నిలబడాలంటే గరుకైన అరికాళ్లు, బాగా వంగే చీలమండలు, బ్యాలెన్స్ కోసం పొడవాటి తోక కావాలి. చెట్టెక్కడానికీ మొదట కావలసినవి ఇవే. వాలుగా ఉన్న చెట్టు దొరికితే రాక్ వాలబీలు ఇప్పటికీ ఎక్కుతూనే ఉంటాయి.

ఎందుకు ఎక్కాయన్నది ఊహే గానీ, ఊహకు ఆధారాలున్నాయి. న్యూగినీలో కోతులు లేవు, ఎప్పుడూ లేవు. మన దగ్గర పైకొమ్మల ఆకులు తినడానికి కొండముచ్చులున్నాయి. ఆసియా కోతులు సముద్రం దాటి అంత తూర్పుకు చేరలేదు కాబట్టి న్యూగినీ అడవుల్లో ఆ తిండికి పోటీ పెద్దగా లేదు. పైగా మంచు యుగాల్లో సముద్రమట్టం పడిపోయినప్పుడల్లా ఆస్ట్రేలియా, న్యూగినీ ఒకే భూభాగంగా కలిసిపోయేవి. మధ్యలో ఉన్న టోరెస్ జలసంధి ఎండిపోయి నడిచే దారి ఏర్పడేది. అటూ ఇటూ రాకపోకలు అలా సాగాయి.

ఈ కథలో ఒక విచిత్రమైన అధ్యాయం నల్లార్‌బర్ మైదానంలో ఉంది. ఆస్ట్రేలియా దక్షిణ తీరం వెంబడి ఉన్న ఆ మైదానంలో ఇప్పుడు వెతికినా చెట్టు కనిపించదు. 2002లో అక్కడి గుహల్లో బయటపడ్డ శిలాజాల్లో బోరా అనే అంతరించిపోయిన ప్రజాతికి చెందిన చెట్టు కంగారూల ఎముకలు దొరికాయి. ఇవి ఇప్పటి వాటికంటే చాలా బరువైనవి. అంత పెద్ద శరీరంతో చెట్లెక్కే కంగారూలు ఒకప్పుడు అక్కడ తిరిగాయంటే రెండు సంగతులు ఒప్పుకోవాలి. ఆ ప్రాంతంలో ఒకప్పుడు ఎక్కదగిన చెట్లుండేవి, చెట్టెక్కే అలవాటు వర్షారణ్యానికి మాత్రమే పరిమితమైనదీ కాదు. చెట్టు కంగారూ అంటే వర్షారణ్యపు జంతువు అనే మన అవగాహన, మిగిలిన జాతుల్ని బట్టి ఏర్పరచుకున్నదే.

బెల్జియం పురాజీవ శాస్త్రవేత్త లూయీ డోలో 1890లలో ఒక సూత్రం చెప్పాడు. పరిణామంలో ఒక అవయవం పూర్తిగా పోయిందంటే అదే రూపంలో తిరిగి రాదు. కావలసి వస్తే వేరే దారి వెతుక్కోవాల్సిందే. ఆ సూత్రానికి చెట్టు కంగారూ పాదం కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. మళ్లీ చెట్టెక్కినా బొటనవేలు మొలవలేదు. దానికి బదులు పాదం పొట్టిగా, వెడల్పుగా మారింది. అరికాలు మెత్తగా, గరుకుగా తయారైంది. గోళ్లు పొడుగై వంపు తిరిగాయి. ఈ మార్పు అన్ని జాతుల్లో ఒకే మోతాదులో జరగలేదు కూడా. ఆస్ట్రేలియాలోని రెండు జాతుల్లోనూ, న్యూగినీ పడమటి వైపున్న రెండు జాతుల్లోనూ పాదం ఇంకా కాస్త పొడవుగానే ఉంది. మిగతా న్యూగినీ జాతుల్లో బాగా పొట్టిబడింది.

ఇంతటితో ఆగిందా అంటే లేదు. ఇండోనేషియా వైపు ఎత్తైన సుదీర్మన్ పర్వతాల్లో, 3,000 మీటర్లు దాటిన చలి ప్రాంతంలో, డింగిసో అనే నలుపు తెలుపు చెట్టు కంగారూ ఉంది. టిమ్ ఫ్లానరీ, బోయాది, అలెగ్జాండ్రా సలై అనే శాస్త్రవేత్తలు 1995లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. దీని పొద్దంతా దాదాపు నేల మీదే గడిచిపోతుంది. అంటే దిగి, ఎక్కి, మళ్లీ దిగిన జంతువన్నమాట. అక్కడి మోనీ ప్రజల్లో చాలామంది దీన్ని తమ పూర్వీకుడిగా చూస్తారు కాబట్టి వేటాడరు. మనిషి ఎదురైతే ఈ జంతువు ఈల లాంటి శబ్దం చేసి ముందు చేతులు పైకెత్తుతుంది. మోనీలు దాన్ని పలకరింపు అంటారు. జీవశాస్త్రవేత్తలు బెదిరింపు అనొచ్చు. కానీ ఆ పలకరింపు మీద నమ్మకమే ఇన్నాళ్లూ దాన్ని కాపాడిందన్న మాట కాదనలేం.

ఎక్కే తీరు

చెట్టు కంగారూ మాను ఎక్కడం చూస్తే తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు గుర్తొస్తాడు. ముందు చేతులతో మానును వాటేసుకుంటుంది, వెనక కాళ్లు రెండూ ఒకేసారి పైకి లాక్కుంటుంది, అరికాళ్లు ఆనించి తన్ని మళ్లీ చేతులు పైకి జరుపుతుంది. కాకపోతే దీనికి మోకు అక్కర్లేదు. భుజాల బలం, గోళ్ల పట్టు ఆ పని చేస్తాయి. నేల కంగారూలకు ముందు చేతులు చిన్నవిగా, వెనక కాళ్లు భారీగా ఉంటాయి. చెట్టు కంగారూలో ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది, చేతులూ కాళ్లూ దాదాపు సమానంగా కనిపిస్తాయి.

కొమ్మ మీదికి చేరాక నడక మారుతుంది. నేల కంగారూ గెంతేటప్పుడు వెనక కాళ్లు రెండూ జంటగానే కదులుతాయి. ఈదేటప్పుడు తప్ప ఒకదాని తర్వాత ఒకటి కదిలించదు. చెట్టు కంగారూ కొమ్మ వెంట నాలుగు కాళ్ల మీద, ఒక్కో కాలూ విడిగా వేస్తూ నడుస్తుంది. వెనక్కి కూడా అలాగే నడవగలదు. మాను దిగేటప్పుడు తోక ముందు, తల వెనక. పోసమ్‌లు తల కిందికి పెట్టి చకచకా దిగిపోతాయి, ఇది మాత్రం నిచ్చెన దిగే మనిషిలా వెనక్కి వెనక్కి దిగుతుంది. ఇదంతా చూసే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పందొమ్మిదో శతాబ్దంలోనే పెదవి విరిచాడు. ఇవి నెమ్మదిగా కదులుతాయి, కొమ్మ మీద కాలు గట్టిగా నిలవదు, చెట్ల జీవితానికి ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు అన్నది ఆయన అభిప్రాయం.

వాలెస్ చూపు మామూలుది కాదు గానీ, ఈ తీర్పులో ఒక అన్యాయం ఉంది. ఆయన దాన్ని మనసులో కోతి పక్కన నిలబెట్టి కొలిచాడు. కోతులు లేని అడవిలో కోతి అంత చురుకుదనం ఎవరికి కావాలి? అవసరమైనప్పుడు చెట్టు కంగారూ చేసేది తక్కువేం కాదు. ఒక చెట్టు మీంచి పక్క చెట్టు మీదికి తొమ్మిది మీటర్ల దాకా కిందికి దూకుతుంది. ప్రమాదం వస్తే పద్దెనిమిది మీటర్ల ఎత్తు నుంచి నేల మీదికి దూకి దెబ్బ తగలకుండా పారిపోగలదు. నేల కంగారూ దగ్గర నుంచి వారసత్వంగా వచ్చిన బలమైన వెనక కాళ్లు ఇక్కడ పనికొచ్చాయి. తోక అప్పుడు గాల్లో బరువు సరిచూసే కడ్డీ అవుతుంది.

మరో చిన్న విశేషం బొచ్చులో ఉంది. చాలా జాతుల్లో వీపు మీద ఒక సుడి కనిపిస్తుంది. అక్కడి నుంచి పైభాగంలో వెంట్రుకలు మామూలుకు విరుద్ధంగా మెడ వైపు, తల వైపు వాలి ఉంటాయి. ఈ జంతువు వర్షంలో తల కాళ్ల మధ్యకు వంచి ముడుచుకుని కూర్చుంటుంది. అలా కూర్చున్నప్పుడు అన్నిటికంటే పైన ఉండేది ఆ సుడే. నీళ్లు అక్కడ పడి నాలుగు వైపులా జారిపోతాయి. ఏడాది పొడుగునా వాన పడే అడవిలో, గూడు కట్టుకోకుండా, తొర్రలో దూరకుండా, కొమ్మ మీదే కూర్చుని పడుకునే జంతువుకు ఇది గొడుగుతో సమానం.

ఆకు తిని బతకడం

ఆకుకు అడవిలో కరువు లేదు. తినడమే కష్టం. ప్రోటీన్ తక్కువ, పీచు ఎక్కువ, దాంతో పాటు పురుగుల్నీ జంతువుల్నీ తరిమికొట్టడానికి చెట్టు తయారుచేసుకున్న చేదు పదార్థాలు, విషాలు. కంగారూ కుటుంబానికి ఈ విషయంలో ఒక పెట్టుబడి ముందే ఉంది. వాటి పొట్ట ముందు భాగం పెద్దదిగా, పొడవాటి గొట్టంలా ఉండి, అందులో బ్యాక్టీరియా ఆకును నిదానంగా పులియబెడుతుంది. నేల మీద గడ్డి అరిగించుకోవడానికి పనికొచ్చిన ఆ ఏర్పాటే చెట్టు మీద ఆకు అరిగించుకోవడానికీ పనికొచ్చింది. నల్లమలలో, శేషాచలంలో కనిపించే కొండముచ్చుల పొట్ట కూడా ఇలాగే పనిచేస్తుంది. రెండు జంతువులకూ మధ్య ఏ దగ్గరి చుట్టరికమూ లేదు, తిండి ఒకటే కావడంతో పొట్టలు ఒకే దారి పట్టాయి.

ఇలాంటి తిండి నుంచి వచ్చే శక్తి కొంచెం. అందుకని ఖర్చు కూడా కొంచెమే ఉండాలి. సంచి జంతువులు, అంటే కంగారూల్లా పిల్లను సంచిలో పెంచేవి, విశ్రాంతిలో ఖర్చుపెట్టే శక్తి, అదే బరువున్న మిగతా క్షీరదాలతో పోలిస్తే మొత్తం మీదే దాదాపు 30 శాతం తక్కువ. చెట్టు కంగారూ అందులోనూ పొదుపరి. పగలూ రాత్రీ కలిపి ఎక్కువ సమయం కదలకుండా కూర్చునే ఉంటుంది. మధ్యమధ్యలో లేచి కాసేపు మేస్తుంది, కొమ్మను చేత్తో దగ్గరకు లాక్కుని ఆకు తెంపుకుంటుంది, మళ్లీ కూర్చుంటుంది. ఆకులతో పాటు పండ్లు, పూలు, ఫెర్నులు కూడా తింటుంది.

ఎక్కడ ఏ చెట్టు ఎప్పుడు లేతాకు వేస్తుందో, వేటి ఆకు తినొచ్చో, ఏది ఎంత తింటే ఒంటికి పడదో తెలిసి ఉండటమే దీని ఆస్తి. ఆ ఆస్తి ఒక చిన్న ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. క్వీన్స్‌లాండ్‌లోని ఒక అడవి ముక్కలో గ్రేమ్ న్యూవెల్ అనే పరిశోధకుడు 1990లలో రేడియో కాలర్లు కట్టి చూస్తే ఆడ లుమ్‌హోల్ట్జ్ ఒక హెక్టారు లోపే తిరుగుతోంది, మగది సుమారు రెండు హెక్టార్లు. న్యూగినీలోని హువాన్ పర్వతాల్లో మాట్షీ చెట్టు కంగారూ తిరిగే చోటు దీనికి ఎన్నో రెట్లు పెద్దది. ఏ జాతి అయినా ఎక్కువగా ఒంటరిగానే ఉంటుంది. గుంపు కట్టదు. మగవాటి మధ్య పోట్లాటలు మాత్రం తీవ్రంగా ఉంటాయి. చెవులు చిరిగి, మొహం నిండా గాట్లున్న ముసలి బెన్నెట్ మగవి అరుదేం కాదు.

ఒక్క పిల్ల, ఏడాదిన్నర పని

నిదానం తిండితో ఆగదు. మాట్షీ చెట్టు కంగారూ గర్భకాలం సుమారు 44 రోజులు. మన లెక్కన ఇది చాలా తక్కువగా కనిపిస్తుంది గానీ, సంచి జంతువుల్లో ఇంతకంటే ఎక్కువ కాలం మోసేది తెలియదు. వాటికంటే ఎంతో పెద్దదైన ఎర్ర కంగారూ కూడా 33 రోజుల్లోనే ఈనుతుంది. పుట్టే పిల్ల ఒక్కటే. పొడవు రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు, కళ్లు తెరుచుకోవు, వెనక కాళ్లు ఇంకా మొగ్గల దశలోనే ఉంటాయి. ముందు చేతులతో తల్లి బొచ్చు పట్టుకుని పాకుతూ సంచిలోకి చేరి, ఒక చనుమొన నోట కరుచుకుంటుంది. ఇక నెలల తరబడి వదలదు.

సంచిలోంచి తల బయట పెట్టడానికే దాదాపు ఆరు నెలలు. పూర్తిగా బయటికి వచ్చేసరికి పది నెలలు. ఆ తర్వాత కూడా తల్లి వెంటే తిరుగుతూ, సంచిలో తల దూర్చి పాలు తాగుతూ, తల్లి తినే ఆకుల్ని వాసన చూస్తూ నేర్చుకుంటుంది. అంతా కలిపితే ఒక ఆడ జంతువు ఒక పిల్లను పెంచి పంపడానికి ఏడాదిన్నర వరకు పడుతుంది. పులులు, చిరుతలు లేని అడవిలో, కొండచిలువ తప్ప పైకొచ్చే శత్రువు పెద్దగా లేనప్పుడు, ఈ వేగం సరిపోతుంది.

రాక్ వాలబీలతో చుట్టరికం అనుకోకుండా అక్కరకొచ్చిన సందర్భం ఒకటుంది. 2014లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ జూలో కొమ్మ విరిగి మీద పడి ఒక గుడ్‌ఫెలో తల్లి చనిపోయింది. సంచిలో ఐదు వారాల పిల్ల ఉంది. అంత చిన్నదాన్ని సీసా పాలతో బతికించడం అసాధ్యం. జూ వాళ్లు దాన్ని తీసుకెళ్లి ఎల్లో ఫుటెడ్ రాక్ వాలబీ సంచిలో పెట్టి, చనుమొన నోటికి అందించారు. అంతకు ముందు ఆ పద్ధతిని వాలబీల మధ్య వాడారు గానీ చెట్టు కంగారూతో ఎవరూ ప్రయత్నించలేదు. పిల్ల పాలు తాగింది. మకాయా అని పేరు పెట్టిన ఆ పిల్ల మూడున్నర నెలలు వాలబీ సంచిలో ఉండి, పెంపుడు తల్లికి పట్టనంత పెరిగాక మనుషుల చేతికి వచ్చింది. లక్షల ఏళ్ల కిందట విడిపోయిన రెండు శాఖల మధ్య పాలు ఇంకా పొసిగాయన్నమాట.

కుక్క వచ్చాక

చెట్టు కంగారూ బతుకు లెక్కలన్నీ ఒక నమ్మకం మీద నడుస్తాయి. చెట్టెక్కితే చాలు, కింద ఉన్నది ఏమీ చెయ్యలేదు. కుక్కను వెంటేసుకున్న మనిషి ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాడు. కుక్క వాసన పట్టి చెట్టు కింద నిలబడి మొరుగుతుంది. జంతువు పైనే కూర్చుంటే వేటగాడు ఎక్కి పట్టుకుంటాడు. దూకితే కింద కుక్క సిద్ధంగా ఉంటుంది. నేల మీద దాని గెంతు నేల కంగారూ గెంతు కాదు, కుక్కకు తేలిగ్గా దొరుకుతుంది. పది కిలోల మాంసం కొండ గ్రామానికి తక్కువేం కాదు, బొచ్చు తలపాగా అలంకరణకు పనికొస్తుంది. ఏడాదిన్నరకు ఒక్క పిల్లను ఇచ్చే జంతువు ఈ ధాటికి తట్టుకోలేదు. ఇప్పుడు న్యూగినీ జాతుల్లో చాలావాటికి ముప్పు పొంచి ఉంది, కొన్ని అంతరించే అంచున ఉన్నాయి.

పూర్వం వేట లేదా అంటే ఉంది. అయితే న్యూగినీ కొండల్లో మసాలాయి, అంటే ఆత్మలు, ఉండే చోట్లంటూ కొన్నిటిలోకి జనం అడుగు పెట్టేవారు కాదు. మన ఊళ్లలో దేవుడి పేరున వదిలేసిన అడవుల్లాంటివే. అక్కడ జంతువులు పెరిగి చుట్టుపక్కలకు పాకేవి. క్రైస్తవం వచ్చాక ఆ భయాలు సడలిపోయాయి, జనాభా పెరిగింది, తుపాకులు వచ్చాయి. కొండల్లో జంతువు తగ్గడానికి అడవుల నరికివేత ఎంత కారణమో ఈ కంటికి కనపడని కంచెలు తెగిపోవడమూ అంతే కారణం.

పాపువా న్యూగినీ ఉత్తరాన టోరిచెల్లి పర్వతాల్లో టెంకిలే అనే జాతి ఉంది. టిమ్ ఫ్లానరీ, ఆ దేశానికే చెందిన లెస్టర్ సెరి కలిసి 1990లో దాన్ని కొత్త జాతిగా వివరించారు. అప్పటికే అది తుడిచిపెట్టుకుపోయే దశలో ఉంది. శతాబ్దం చివరికొచ్చేసరికి మిగిలినవి వంద వరకేనని అంచనా. అక్కడి గ్రామాలు వేట మానేస్తామని మాట ఇచ్చుకున్నాయి. టెంకిలే కన్సర్వేషన్ అలయన్స్ అనే సంస్థ దాదాపు యాభై గ్రామాలతో పనిచేస్తూ వస్తోంది. మాంసం మానమన్నప్పుడు బదులు ఏమిటన్న ప్రశ్నకు అది కుందేళ్లు, కోళ్లు, చేపల పెంపకంతో జవాబిచ్చింది. ఇప్పుడు టెంకిలేలు మూడు వందలు దాటాయంటున్నారు. చిన్న సంఖ్యే, కానీ దిశ మారింది.

హువాన్ ద్వీపకల్పంలో మాట్షీ జాతి కోసం జరిగింది ఇంకా పెద్ద ప్రయత్నం. పాపువా న్యూగినీలో భూమి దాదాపు 97 శాతం సంప్రదాయ హక్కుల కింద వంశాల చేతుల్లో ఉంది. ప్రభుత్వం గీత గీసి అభయారణ్యం అంటే అక్కడ చెల్లదు. లీసా డాబెక్ 1996లో మొదలుపెట్టి, తర్వాత సియాటెల్‌లోని వుడ్‌ల్యాండ్ పార్క్ జూ తరఫున నడిపిన బృందం అక్కడి వంశాలతో మాట్లాడుతూ వచ్చింది. ఎవరి భూమిలో వాళ్లు కొంత భాగాన్ని వేటకు మూసేస్తామని ఒప్పుకున్నారు. యోప్నో, ఉరువా, సోమ్ అనే మూడు నదుల పేర్లతో యూస్ సంరక్షణ ప్రాంతం 2009లో చట్టబద్ధమైంది. విస్తీర్ణం 75,000 హెక్టార్లకు పైనే. మూసిన చోట పుట్టిన జంతువులు తెరిచిన చోటికి వస్తే అక్కడ వేటాడుకోవచ్చు. మసాలాయి చేసిన పనినే కాగితం మీద రాసుకున్నట్టు. ఆ ఊళ్ల రైతులు పండించిన కాఫీని సియాటెల్ దాకా చేర్చి అమ్మే ఏర్పాటు కూడా చేశారు. ఆ నగరం చుట్టూ స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో జూకి పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లకు ఈ జంతువు పేరు తెలిసే ఉంటుంది.

పరిశోధన కోసం వాటిని పట్టే పద్ధతి కూడా వేట నుంచి పుట్టిందే. పాత వేటగాళ్లే గోళ్ల గాట్లు, నమిలి పారేసిన ఆకు, పెంట చూసి జంతువు ఏ చెట్టు మీదుందో చెబుతారు. చెట్టు చుట్టూ కొమ్మలతో తక్కువ ఎత్తు కంచె కడతారు. ఒకతను పక్క చెట్టెక్కుతాడు. పైకి చోటు లేక చెట్టు కంగారూ దూకుతుంది. కింద ఉన్నవాళ్లు తోక దొరకబుచ్చుకుని గోనెసంచిలో వేస్తారు. డాక్టరు మత్తిచ్చి, బరువు చూసి, కాలర్ కట్టాక దాన్ని మళ్లీ చెట్టెక్కిస్తారు.

ఎంత వెతికినా దొరకని జాతి కూడా ఒకటి ఉండేది. 1928లో ఎర్నెస్ట్ మయర్ ఇండోనేషియా వైపు వొండివోయి పర్వతాల్లో ఒకే ఒక్క జంతువును సేకరించాడు. పరిణామ శాస్త్రంలో ఆయన మహా పేరు తెచ్చుకునేది ఆ తర్వాత. ఆ జాతిని మళ్లీ ఎవరూ చూడలేదు, పోయిందనే అనుకున్నారు. తొంభై ఏళ్లకు, 2018లో, మైకేల్ స్మిత్ అనే ఔత్సాహిక వృక్షశాస్త్రవేత్త దట్టమైన వెదురు పొదల్లోంచి పైకి దారి చేసుకుంటూ వెళ్లి దాని ఫొటో తీశాడు. వేటగాళ్లు అంత ఎత్తుకు, ఆ వెదురులోకి రారు. అది మిగలడానికి కారణం అదే అయి ఉండాలి.

పక్కనే అడవి ఉన్నా

క్వీన్స్‌లాండ్‌లో సమస్య వేరు. అక్కడ ఇప్పుడు వేట పెద్దగా లేదు, 1988లో అక్కడి తడి అడవులు ప్రపంచ వారసత్వ ప్రాంతంగా మారాయి. కానీ అథర్టన్ పీఠభూమిలోని సారవంతమైన నల్లరాతి నేలల మీద ఉన్న అడవిని వందేళ్ల కిందటే పాడి పశువుల కోసం నరికేశారు. లుమ్‌హోల్ట్జ్ ఇష్టపడే ఆ రకం అడవి ముక్కలు ముక్కలుగా మిగిలింది. దాన్ని మాబీ అడవి అంటారు. మాబీ అంటే అక్కడి ఆదివాసుల భాషలో ఈ జంతువే.

న్యూవెల్ కాలర్లు కట్టిన అడవి ముక్కలో కొంత భాగాన్ని ఆయన పరిశోధన నడుస్తుండగానే యజమాని నరికించాడు. పక్కనే అడవి ఉంది కదా, అక్కడికి పోతాయి అనుకోవడం సహజం. అవి పోలేదు. చెట్లు కూలిన తర్వాత కూడా తమ పాత చోటునే అంటిపెట్టుకుని ఉన్నాయి. చాలావాటిని కుక్కలు, డింగోలు అనే అడవి కుక్కలు చంపేశాయి. జంతువు మొండితనం అనడం తేలికే గానీ, ఆలోచిస్తే దానికి వేరే దారి లేదు. పక్క అడవిలో ఖాళీ లేదు. అక్కడ అప్పటికే వేరే చెట్టు కంగారూలు ఉన్నాయి. ఏ చెట్టు ఆకు ఎప్పుడు తినాలన్న లెక్క కూడా తన చోటుకే పనికొస్తుంది. అభివృద్ధి ప్రాజెక్టులు మొదలుపెట్టేటప్పుడు 'జంతువులు పక్కకు తరలిపోతాయి' అని నివేదికల్లో రాసే వాక్యం ఎక్కడ కనిపించినా అనుమానంగా చూడాల్సింది ఇందుకే.

ఊరట కలిగించే సంగతి ఒకటుంది. లుమ్‌హోల్ట్జ్‌కు తిండి విషయంలో అంత పట్టింపు లేదు. నరికాక మళ్లీ పెరిగిన పలచటి అడవిలోకీ, నాటిన చెట్లలోకీ వస్తుంది, బయటి నుంచి వచ్చి పడ్డ కలుపు చెట్ల ఆకులు కూడా తింటుంది. అందుకని వాగుల వెంట చెట్లు నాటి, విడిపోయిన అడవి ముక్కల్ని కలపాలని అక్కడి రైతులు, స్వచ్ఛంద బృందాలు చేస్తున్న పని వృథా కాదు. తల్లి దగ్గర నుంచి విడిపడి సొంత చోటు వెతుక్కునే కుర్ర మగవి ఆ దారుల్లోనే నడుస్తాయి. రెండు ముక్కల మధ్య తారు రోడ్డు ఉంటే మాత్రం అక్కడ చాలావాటి ప్రయాణం కారు కింద ముగుస్తోంది. పీఠభూమి రోడ్ల మీద చెట్టు కంగారూ బొమ్మ ఉన్న పసుపు హెచ్చరిక బోర్డులు పాతింది అందుకే. రాత్రుళ్లు కుక్కల్ని కట్టెయ్యమని ఇంటింటికీ చెప్పడం మరో పని, అది బోర్డులతో అయ్యేది కాదు.